చిక్కని పెరడు, బక్కచిక్కిన కుర్రవాడు
(విజయవాడలో అనువాదకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను ఆంగ్లంలోని ‘వీడీ’ (weedy) అనే ఒకే ఒక్క విశేషణం గురించి మాట్లాడదలిచాను. గంటసేపు మాట్లాడటానికి ఒక విశేషణం చాలుతుందా అని మీకు సందేహం రావచ్చు. కానీ మనలాంటి వారికి వారాల తరబడి నిద్ర లేకుండా చేసేవి పెద్ద పెద్ద సిద్ధాంతాలు కావు, ఇలాంటి చిన్న మాటలే.

ఈ మధ్య ఒక ఆంగ్ల నవలకు చేసిన తెలుగు అనువాదం రాతప్రతి పరిశీలన కోసం నా దగ్గరకు వచ్చింది. అందులో ఒక బడి ఉంది. ఆ బడికి కొత్తగా ఒక కుర్రవాడు వస్తాడు. సన్నగా, పొడుగ్గా, గాలి వీస్తే పడిపోయేలా ఉంటాడు. మూలంలో రచయిత వాడిని ‘వీడీ’ అన్నాడు. మన అనువాదకుడు నిఘంటువు తెరిచి చూశాడు. ‘వీడ్’ అంటే కలుపుమొక్క అని ఉంది. వెంటనే ‘కలుపుమొక్కలాంటి కుర్రవాడు’ అని రాసేశాడు. ధాతువు ప్రకారం చూస్తే తప్పేమీ లేదు. కానీ తెలుగులో ఒక మనిషిని కలుపుమొక్క అన్నామంటే వాడు చెడ్డవాడని, పక్కవారిని చెడగొడతాడని, పీకి పారేయవలసినవాడని అర్థం. సంఘంలోని కలుపుమొక్కలను ఏరివేస్తామని మన నాయకులు ఎన్ని వేదికల మీద చెప్పగా వినలేదు? నవలలో నాలుగు పేజీలు గడిచేసరికి తోటి పిల్లలు ఆ కుర్రవాడిని చావగొడతారు. మూలం చదివేవాడికి కళ్లలో నీళ్లు తిరగవలసిన చోట, తెలుగు పాఠకుడు ‘తగిన శాస్తి జరిగింది’ అనుకుంటాడు. ఒక్క విశేషణం తారుమారైతే దెబ్బలు తిన్నవాడే దోషి అయిపోయాడు.

అదే నవలలో ఇంకో చోట ఆ కుర్రవాడి ఇంటి పెరడును కూడా రచయిత ఇదే మాటతో వర్ణించాడు. అక్కడ అనువాదకుడు ‘కలుపు నిండిన పెరడు’ అని దాదాపు సరిగ్గానే రాశాడు. అంటే ఆంగ్లంలో ఒకే విశేషణం విపరీతంగా పెరిగిన చోటుకూ సరిపోతుంది, సరిగ్గా పెరగని మనిషికీ సరిపోతుంది. పైకి చూస్తే ఇవి పరస్పర విరుద్ధాలు. ఇవి ఒకే మాటలో ఎలా ఇమిడాయన్నది నా మొదటి ప్రశ్న. తెలుగులో వీటిని ఎక్కడ వెతకాలన్నది రెండవది.

ఆంగ్లం సంగతి త్వరగా ముగిస్తాను. ఆ భాషలో ఈ మాట మొదట మొక్కలదే. మనుషుల మీదకు, జంతువుల మీదకు అది 19వ శతాబ్దంలో పాకింది. గుర్రప్పందాల వాళ్లు కాళ్లు మాత్రమే పొడుగ్గా సాగి, ఛాతీ నిండని, పరుగులో దమ్ము లేని గుర్రాన్ని ‘వీడ్’ అనేవారు. వాళ్ల దృష్టిలో కలుపుమొక్క గుణం అదే. ఎత్తు ఉంటుంది, సత్తువ ఉండదు. ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఆంగ్ల నవలల్లో భర్త పోయిన స్త్రీ ‘వీడ్స్’ ధరించిందని వస్తే, ఆవిడ తోటలోకి వెళ్లిందని అనుకోకండి. అది దుస్తులు అనే అర్థం ఉన్న మరో ప్రాచీన పదం. కాలక్రమంలో రెండింటి రూపం ఒకటైపోయింది, అంతే.

ఇక మన భాషకు వద్దాం. ముందు ‘కలుపు’ అనే మాటనే చూడండి. పైరులో కలిసిపోయి ఉంటుంది కనుక కలుపు అయిందని చాలామంది చెబుతారు. వినడానికి ముచ్చటగా ఉంటుంది. నేనూ చాలాకాలం తరగతిలో అలాగే చెప్పాను. కానీ పక్క ఇళ్లలోకి తొంగి చూస్తే ఆ ముచ్చట నిలవదు. తమిళులు కలుపుమొక్కను ‘కళై’ అంటారు, కన్నడిగులు ‘కళె’ అంటారు. కలపడానికి మాత్రం తమిళంలో ‘కల’, కన్నడంలో ‘కలసు’. అక్కడ ళకారం, లకారం రెండు వేర్వేరు దారుల్లో నడుస్తున్నాయి. మన దగ్గర ఆ రెండు దారులూ ఒకచోట కలిసిపోయి ఒకే శబ్దం మిగిలింది. కాబట్టి కలుపును కలపడంతో ముడిపెట్టకుండా ఉండటమే క్షేమం.

కలుపు అనే మాట పొలానికి చెందినది. పైరు ఉంటేనే కలుపు ఉంటుంది. పైరు లేని చోట, అంటే పెరట్లో, ఖాళీ స్థలంలో, కాలువ గట్టున దానంతట అది పెరిగేదాన్ని మనం కలుపు అనం, ‘పిచ్చిమొక్క’ అంటాం. ఈ తేడాను అనువాదకులు తరచుగా మరిచిపోతారు. పిచ్చి అనే విశేషణం ఎంత దూరం ప్రయాణించిందో చూడండి. పిచ్చిమొక్క ఎవరూ నాటనిది, పిచ్చిగీత ఏ బొమ్మకూ చెందనిది, పిచ్చిమాట ఏ అర్థమూ ఆశించనిది. ఈ మూడింట్లోనూ రోగం లేదు, లక్ష్యం లేకపోవడం మాత్రమే ఉంది. అందుకే ఈ మాటలో కోపం కన్నా ఉపేక్ష ఎక్కువ. ఒక్కోసారి ప్రేమ కూడా ఉంటుంది. ‘పిచ్చితల్లీ’ అని పిలిచే నోటికి కలుపు తీసే ఉద్దేశం ఉండదు కదా.

దీనికి అక్కగారు ‘వెర్రి’. పాత పుస్తకాల్లో బండి ఱతో ‘వెఱ్ఱి’ అని కనిపిస్తుంది. తమిళంలో ‘వెఱి’ అంటే ఉన్మాదం, మత్తు. మన రైతులు ఈ మాటను ఎక్కడ వాడారో చూస్తే వారి పరిశీలనకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. నువ్వుచేలో వెర్రి తెగులు వస్తుంది. దీపపు పురుగు మోసుకువచ్చే సూక్ష్మజీవి వల్ల పూతగా రావలసినవన్నీ చిట్టి ఆకులుగా మారిపోతాయి. మొక్క పైభాగమంతా ఆకుల గుత్తిలా తయారవుతుంది, కాయ మాత్రం ఉండదు. కందిలోనూ వెర్రి తెగులు ఉంది. అది మొక్కల మీద బతికే అతి చిన్న నల్లి ద్వారా వ్యాపిస్తుంది. పక్క మొక్కలు పూసి కాసి ఎండుముఖం పట్టినా, తెగులు సోకిన మొక్క పచ్చగా, గుబురుగా, పువ్వన్నది లేకుండా నిలబడి ఉంటుంది. దారిన పోయేవాడికి అదే అందంగా కనిపిస్తుంది. రైతు కంటికి అది వెర్రిది. పెరుగుదల ఎక్కువైనందుకు కాదు, ఆ పెరుగుదల దేనికోసమో మరిచిపోయినందుకు దానికి ఆ పేరు. ‘వెర్రితలలు వేయడం’ అనే నుడికారం కూడా ఈ చూపులోనిదే. పట్టుపగ్గాలు లేకుండా ప్రబలిన ఏ పోకడనైనా మనం అది వెర్రితలలు వేస్తోందని అంటాం. ఆంగ్ల రచనల్లో అదుపు తప్పి పెరిగిన దేన్నయినా వర్ణించవలసి వచ్చినప్పుడు, ‘అధికంగా పెరిగిన’ అనే పొడి మాట రాసే ముందు ఈ పలుకుబడిని ఒకసారి గుర్తు చేసుకోండి.

పెరుగుదలను మెచ్చుకునే మాట ‘ఏపు’. పైరు ఏపుగా ఉందంటే అది ప్రశంస. కానీ ఆ ప్రశంసకు ఒక హద్దు ఉంది. గుంటూరు ప్రాంతంలో పత్తి వేసేవారిని అడగండి. నత్రజని మోతాదు మించి, వానలు కూడా బాగా కురిస్తే మొక్క మనిషెత్తు లేస్తుంది, ఆకు ముసురుకుంటుంది, కింది కొమ్మలకు గాలీ వెలుతురూ అందక పూత, గూడ (విచ్చని మొగ్గ) రాలిపోతాయి. అప్పుడు రైతు తలలు తుంచుతాడు. లేదా మెపిక్వాట్ క్లోరైడ్ అనే మందు కొట్టి ఎదుగుదలను ఆపుతాడు. ఏపు అనే మెచ్చుకోలు ఏ రోజున ఫిర్యాదుగా మారిందో ఆ రైతుకు మాత్రమే తెలుస్తుంది. మాట మారదు, స్వరం మారుతుంది. ‘ఏపుగా పెరిగిందండీ’ అనే వాక్యాన్ని అనువదించే ముందు అది ఏ నెలలో అన్నదో కనుక్కోవాలి.

ఈ మందు ప్రస్తావన ఊరికే తేలేదు. వరిలో ఒక శిలీంధ్రపు తెగులు ఉంది. అది సోకిన నారుమొక్క తోటి మొక్కల కన్నా చాలా ఎత్తుకు లేస్తుంది. కానీ పాలిపోయి, ఊచలా సన్నబడి, చివరకు గింజ పట్టకుండానే పోతుంది. జపాన్ రైతులు దానికి ‘బకానే’ అని పేరు పెట్టారు. తెలివితక్కువ నారు అని అర్థం. తైవాన్‌లో పనిచేసిన ఎయిచి కురోసావా అనే శాస్త్రవేత్త, ఆ శిలీంధ్రం విడుదల చేసే పదార్థమే మొక్కను అలా సాగదీస్తోందని 1926లో నిరూపించాడు. 1935లో ఆ పదార్థానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టారు. మొక్కలు తమంతట తాము కూడా జిబ్బరెల్లిన్లను తయారు చేసుకుంటాయని తరువాత తెలిసింది. మన పత్తి రైతు కొట్టే మందు మొక్కలో వాటి తయారీనే అడ్డుకుంటుంది. నాకు ఇక్కడ పనికివచ్చేది రసాయనం కాదు. ఆ నారుమొక్క మితిమీరి పెరిగిందా, చిక్కి శల్యమైందా? రెండూ నిజమే. ఆంగ్లంలోని మన విశేషణం ఈ ఒక్క మొక్కకు రెండు అర్థాలతోనూ సరిపోతుంది. విరుద్ధాలు అనుకున్నవి ఒకే కాండంలో కలిసే ఉన్నాయి. అంత దూరం వెళ్లనక్కరలేదు. మన మిరప నారుమడిలో విత్తనం ఒత్తుగా పడితే ఏమవుతుంది? వెలుతురు కోసం మొక్కలు ఒకదానితో ఒకటి పోటీపడి పైకి సాగి, నారంతా పీలగా వస్తుంది. మడిని చూస్తే ఒత్తు, మొక్కను పీకి చూస్తే పీల.

‘పీల’ అనే మాట వచ్చింది కనుక అక్కడ కాసేపు ఆగుతాను. సన్నదనానికి మన భాషలో ఉన్నన్ని మాటలు లావుకు లేవేమో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. సన్న, పలచ, బక్క, పీల, రివట, నాజూకు, అర్భకం. ఇవన్నీ పర్యాయపదాలని నిఘంటువు చెబితే నమ్మకండి. ‘సన్న’ కేవలం కొలత, ఒక్కోసారి గౌరవం కూడా. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన సాంబా మసూరి బియ్యాన్ని సన్నబియ్యం అని మురిసిపోతూ కొంటాం. పీలబియ్యం అని ఎవరూ అనరు. గింజ నిండకపోతే దానికి ‘తాలు’ అని వేరే మాట ఉంది. గుంటూరు మిర్చి యార్డులో ఆ మాట ఇంకో అడుగు వేసి, రంగు తగ్గి తెల్లబారిన కాయలకు కూడా పేరైంది.

‘బక్క’ కండకు సంబంధించినది. బక్కవాడైనా గట్టివాడే అనవచ్చు. అందులో వైరుధ్యం లేదు. బక్కగొడ్డు, బక్కగేదె అన్నవి సరే, ‘బక్కరైతు’ అన్నప్పుడు ఆ రైతు లావుగా ఉన్నా ఇబ్బంది లేదు. అక్కడ చిక్కినవి అతని కమతం, అతని చేతిలోని డబ్బు. ‘పీల’ అలా కాదు. అది కండ గురించి కాక సత్తువ గురించి చెబుతుంది. అందుకే పీలగొంతు ఉంటుంది, బక్కగొంతు ఉండదు. పీలరైతు అని ఏ పత్రికా రాయదు. పిల్లవాడు బక్కగా ఉన్నాడంటే వాడి శరీరతత్వం అంతే అని సరిపెట్టుకోవచ్చు. పీలగా ఉన్నాడంటే అమ్మమ్మ ఆ మరునాడే వెన్న కాచి నెయ్యి పోయడం మొదలుపెడుతుంది. అదే ఒంటిని పెళ్లిచూపుల్లో మధ్యవర్తి ‘నాజూకు’ అంటాడు. శరీరం మారలేదు, చూసే కన్ను మారింది.

‘అర్భకుడు’ కథ ఇంకా బాగుంటుంది. సంస్కృతంలో ఆ మాటకు పసివాడు అనే అర్థం. పసివాడికి బలం ఉండదు కనుక, తెలుగులోకి వచ్చాక బలం లేనివాడల్లా అర్భకుడయ్యాడు. అరవై ఏళ్ల మనిషిని అర్భకుడు అంటున్నప్పుడు మనం ఆయనను తిరిగి ఉయ్యాలలో వేస్తున్నామని మనకు తోచదు.

మొక్కల పేర్ల విషయంలో మనవాళ్లు చేసిన ఒక విచిత్రం చెప్పకుండా ముందుకు వెళ్లలేను. 1950ల మధ్యలో పుణె దగ్గర గుర్తించాక దేశమంతా కమ్మేసిన ఒక కలుపుమొక్క ఉంది. తాకితే దురద, దాని పుప్పొడి పీల్చితే ఉబ్బసం. సన్నగా, గాలికి ఊగుతూ ఉంటుందని దానికి తెలుగువాడు పెట్టిన పేరు ‘వయ్యారిభామ’. కృష్ణా, గుంటూరు డెల్టాలో వరి కోసిన మాగాణిలో వేసే మినుముకు శత్రువైన ఇంకో మొక్క ఉంది. దానికి ఆకు ఉండదు. మినుము కాండాన్ని చుట్టుకున్నాక నేలతో కూడా దానికి పని ఉండదు. దారం కన్నా కాస్త లావుగా ఉండే పసుపుపచ్చని పోగులు చేను మీద వల పరిచినట్టు అల్లుకుని పైరు రసాన్నంతా పీల్చేస్తాయి. దాని పేరు ‘బంగారుతీగ’. పోగును చూస్తే పీల, చేనును చూస్తే విపరీతం. ఈ నగరంలో బందరు కాలువలో, ఏలూరు కాలువలో, రైవస్ కాలువలో నీరు కనబడకుండా కప్పేసే ‘గుర్రపుడెక్క’కు మాత్రం ఆకు ఆకారాన్ని బట్టి సూటిగా పేరు పెట్టారు. ఉబ్బసం తెచ్చేదానికీ, పైరును పీల్చేదానికీ ముద్దుపేర్లు, నీటిని కప్పేసేదానికి డెక్క పేరు. ఇందులో న్యాయం వెతకడం నా వల్ల కాలేదు.

ఇప్పుడు ఆ రాతప్రతికి తిరిగి వస్తాను. కుర్రవాడి దగ్గర ‘కలుపుమొక్కలాంటి’ కొట్టేసి ‘పీలగా ఉన్న’ అని రాశాను. పెరడు దగ్గర ‘కలుపు నిండిన’ తీసేసి ‘పిచ్చిమొక్కలు పెరిగిన’ అన్నాను. నా పని అయిపోయిందనుకున్నాను. రెండు రోజుల తరువాత అనువాదకుడు ఫోన్ చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు కానీ మాటలో పదును ఉంది. “మాస్టారూ, రెండు చోట్లా మీ మాటలే బాగున్నాయి. కానీ రచయిత ఆ పిల్లవాడికీ, ఆ పెరడుకూ ఒకే విశేషణం కావాలనే వాడాడు. ఆ ఇంట్లో పెరటినీ ఎవరూ పట్టించుకోరు, పిల్లవాడినీ ఎవరూ పట్టించుకోరు. మీరు రెండు మాటలు వాడితే ఆ సంగతి పోతుంది కదండీ” అన్నాడు. నేను సమాధానం చెప్పలేకపోయాను. దిద్దిన నాకన్నా దిద్దించుకున్నవాడే పుస్తకాన్ని బాగా చదివాడు.

ఆ తరువాత చాలా రోజులు ఒక మాట కోసం వెతికాను. అది నాకు దొరికింది ఏ నిఘంటువులోనూ కాదు, పొయ్యి దగ్గర. మా ఇంట్లో పాలు కాగుతున్నాయి. ‘బాగా చిక్కబడ్డాయి, దించేయండి’ అని వంటింట్లోకి కేక వినిపించింది. కేక వేసినావిడే అంతకు పది నిమిషాల ముందు వీడియో కాల్‌లో మనవడిని చూసి ‘ఎంత చిక్కిపోయావురా నాయనా’ అని బాధపడింది. పాలు తరిగితే చిక్కబడతాయి, మనిషి తరిగితే చిక్కిపోతాడు. చిక్కని పాలు, చిక్కటి చీకటి, చిక్కటి అడవి, ఇవన్నీ దట్టమైనవి. చిక్కిన చెంపలు, చిక్కిన డొక్కలు, ఇవి లోపలికి పోయినవి. ఈ రెండింటి మధ్యలో జుట్టులోనూ దారంలోనూ పడే చిక్కు ఒకటి ఉంది. అది దువ్వేవారు లేక, అదుపు లేక అల్లుకుపోయింది. వీటన్నింటికీ ధాతువు ఒకటేనని నేను వాదించబోవడం లేదు. కన్నడంలో ‘చిక్క’ అంటే చిన్నది, చిక్కిపోవడానికి ఆ దిక్కు నుంచి చుట్టరికం కలపవచ్చు. కానీ అనువాదకుడికి కావలసింది వంశవృక్షం కాదు, పాఠకుడి చెవి. తెలుగువాడి చెవిలో ఈ మూడూ ఒకే గదిలో ఉంటాయి.

అయితే మాట దొరికిందని సంబరపడినంత సేపు పట్టలేదు, దానిలోని ఇబ్బంది కనిపించడానికి. ‘చిక్కిపోయిన కుర్రవాడు’ అంటే ఇంతకు ముందు వాడు పుష్టిగా ఉండేవాడని అర్థం వస్తుంది. నవలలోని పిల్లవాడు ఏనాడూ పుష్టిగా లేడు. చిక్కిపోవడానికైనా వాడి దగ్గర కొంత ఉండాలి కదా. ‘బక్కచిక్కిన’ అంటే ఆ ఇబ్బంది కొంత తగ్గుతుంది. ఆ సమాసంలో చిక్కడం ఒక సంఘటనగా కాక స్థితిగా వినిపిస్తుంది. పెరడు వైపు మరో చిక్కు ఉంది. ‘చిక్కని పెరడు’ అంటే కొందరికి పచ్చదనం గుర్తుకు వచ్చి అది మెప్పులా వినిపించవచ్చు. ఈ ప్రసంగానికి శీర్షికగా మాత్రం దాన్నే ఉంచుకున్నాను, నా సరదా కోసం. పుస్తకంలో అలా కుదరదు. అక్కడ కావలసింది అశ్రద్ధ. అందుకు ‘చిక్కుపడిన’ సరిపోతుంది. తీగలు కంచెను పట్టుకుని, కంచె తీగలను పట్టుకుని, ఏది ఏదో తెలియకుండా అల్లుకుపోయిన పెరడు.

చివరికి మేమిద్దరం కూర్చుని మూడవ అధ్యాయంలో ‘బక్కచిక్కిన కుర్రవాడు’ అని, తొమ్మిదవ అధ్యాయంలో ‘పిచ్చిమొక్కలతో చిక్కుపడిన పెరడు’ అని రాశాం. ఆరు అధ్యాయాల దూరంలో ఉన్న ఆ రెండు చిక్కులను పాఠకుడు కలిపి వింటాడా లేదా అని అనువాదకుడికి ఇంకా అనుమానంగానే ఉంది. తొమ్మిదవ అధ్యాయంలో కుర్రవాడు తన పెరట్లోకి వెళ్లే వాక్యంలో ‘బక్కచిక్కిన’ అన్న మాటను మరొకసారి తెస్తే ఎలా ఉంటుందని నిన్న రాత్రి అడిగాడు. మూలంలో ఆ చోట అసలు విశేషణమే లేదు. మీలో ఇలాంటి స్వేచ్ఛ తీసుకున్నవారు ఉంటే, టీ తాగుతూ ఆ సంగతి మాట్లాడుకుందాం.